ఆట ఎంతుండాలె

బండి వచ్చి ఆగంగనే
చక్రానికి మొక్కినట్టు వంగుత.
మొక్కుడు గాదు.
టైరు మీద అరచెయ్యి పెట్టి
లోపలికొకసారి, బయటికొకసారి రాస్త.
ఒకదిక్కు నున్నగ, ఇంకోదిక్కు రంపపు పండ్లలెక్క తాకిందంటే
ఇగ ఓనరు ఏం జెప్పినా ఇననవసరం లేదు.

షువైఖ్‌ల మా షెడ్డు.
పొద్దుగాల ఏడింటికే రేకులు కాలుతయి.
పానలను తడిగోనె కింద పండబెడ్తం
తాటిముంజెల లెక్క.
ఈ ఎండకు బుష్షుల రబ్బరు
మా పెద్దమ్మ మడిమెలోలె పగులుతది.

రాయచోటి ఓబులేసు, ఓ ఇంట్ల డ్రైవరు,
పెద్ద తెల్లబండి తెచ్చిండు.
"శబ్దం వస్తాందంట అన్నా. నాకు ఇనపడదు.
ఎనక కూచునే ముసలామెకే ఇనపడ్తాది.
ఆమె ఎక్కితే వస్తాది, దిగితే పోతాది.
గుంతల్లో తోలి నేనే చెడగొట్నానని మేడం.
జీతంలో పట్టుకుంటాదంట."

జాకు మీద ఎత్తిన.
చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే
బాల్ జాయింట్ పలకాలె,
అటూ ఇటూ పట్టి ఊపితే టై రాడ్.
రెండూ నోరు మెదపలే.
షాకులు పొడిగున్నయి, నూనె చెమట లేదు.
ఫోర్‌మెన్ నజీర్ దూరంకెల్లి హిందీల అరిసిండు,
"లింబాద్రీ, ముసల్దాని చెవులే లూజు, పంపెయ్."

పంపలే.
గాల్లకు లేపిన బండి
తన బరువు మరిచిపోతది.
నొప్పేమో బరువు కిందనే ఉంటది.

దించిన.
ఓబులేసును వెనక సీట్ల, ముసలామె జాగల కూసోమన్న.
నాలుగేండ్లల ఆ సీటెక్కుడు ఇదే మొదలంట.
కూసున్నోడు అంచు మీదనే కూసున్నడు,
ఒళ్లంతా కాళ్ల మీదనే ఆపుకొని.
"గట్ల కాదు. ఎనుకకు జరుగు. ఆనుకో.
నీ బరువంత ఇయ్యి."

జరసేపటికి ఇచ్చిండు.

నేను బండి కింద పండుకొని
"ఇగ ఊగు" అన్న.
టక్.
మల్ల ఊగిండు. టక్.
తలుపు అవతల ఎవరో వేలు మడిచి కొట్టినట్టు.
వెనక ఎడమ ఆర్ము బుష్షు.
లోపల రబ్బరు చినిగి
ఇనుము ఇనుమును తడుముకుంటున్నది.
నజీర్ కంప్యూటర్‌కు చిక్కనిది
ముసలామె నడుముకు చిక్కింది.

పాతది గుద్ది తీసి కొత్తది ఎక్కిచ్చిన.
ఆఖరి బిగింపు మాత్రం
నాలుగు కాళ్లు నేలకు ఆనినంకనే.
గాల్ల బిగిస్తే రబ్బరు మెలివడి
నెల తిరగక ముందే చస్తది.
ఇది నాకు ఎవరూ చెప్పలే,
మూడు బండ్లు మల్లొచ్చి చెప్పినయి.

స్టీరింగ్ పట్టి చూస్తుంటే
కొత్తగొచ్చిన పోరడు అడిగిండు,
"ఆట అసలే లేకుంట బిగియ్యరాదా అన్నా?"
రెండేళ్ల సందు ఉండాలె తమ్మీ.
అది లేకుంటే
రోడ్డు మీది ప్రతి కంకర మణికట్టుల దిగుతది.
ఎక్కువైతే
చెయ్యి ఒకటంటది, చక్రం ఇంకొకటి చేస్తది.
పోరడు తల ఊపిండు.
నజీర్ దిక్కు చూసి, చిన్నగ, మల్ల ఊపిండు.

చినిగిన బుష్షును కవర్ల కట్టి
ఓబులేసు చేతుల పెట్టిన.
నీ తప్పు లేదని అరబ్బీల రాసుడు నాకు రాదు.
రబ్బరు చూస్తే మేడంకు సమజైతదేమో.
కాకపోతే ముసలామె ఉన్నది గద.

ఇగ మిగిలింది ట్రయల్.
నాకు లైసెన్సు లేదు.
పదకొండేండ్లల ఎన్ని వంకర బండ్లను
తిన్నగ చేసిన్నో లెక్కలేదు,
నేను తోలింది మాత్రం మా గల్లీ కొస దాకనే,
పాత టైర్ల గుట్ట దాక పోయి మలుపుకొని వచ్చుడు.

ఆ రెండు వందల గజాలల ఒక్క జాగల
స్టీరింగ్ ఇడిసిపెడ్త.
చేతులు ఒడిల పెట్టుకుంట.
ఒకటి, రెండు, మూడు,
బండి ఎటూ గుంజదు,
నాలుగు, ఐదు,
అద్దంల రోడ్డు నిటారుగ నిలవడ్తది,
ఆరు.

ఏడుకు టైర్ల గుట్ట.